ముందు ఖాళీ పళ్ళెం

జూన్ ఏడు. ఉదయం తొమ్మిదిన్నర. మబ్బు పట్టి ఉంది, గాలి లేదు. ముడిమ్యాల శివారులోని కుంట గట్టు.

ఉన్నవాళ్ళు: యాదయ్య, ఆ కుంట కౌలుకు తీసుకుని చేపలు పెంచేవాడు. అతని తల్లి పెంటమ్మ, చేపలు కోసేది. నర్సిరెడ్డి, కుంట ఉన్న భూమికి ఆసామి, మాజీ సర్పంచ్. సుధీర్, చిన్న మంగళారంలో మా పక్క ప్లాటువాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, చేతిలో రేడియేషన్ మీటరు. నేను.

యాభై ఏళ్ళుగా నా డైరీలో ప్రతి పేజీ ఇలాగే మొదలవుతుంది. తేదీ, వేళ, ఆకాశం, ఉన్నవాళ్ళు. ఉద్యోగం నేర్పిన అలవాటు అది. నీళ్ళలో, మట్టిలో, పాలల్లో, చేపల్లో రేడియోధార్మికత ఎంతుందో కొలిచే ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేశాను. అందులో నా వంతుకు వచ్చినవి చేపలు. రిటైరయ్యాక, పుట్టిన ముడిమ్యాలకు దగ్గరగా ఉంటుందని చిన్న మంగళారంలో ఇల్లు కట్టుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఏమైనా రాయమని ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. యంత్రాల సంగతి పుస్తకాల్లో ఉంది. ప్రమోషన్ల సంగతి ఎవరికీ అక్కర్లేదు. కుంట గట్టున గడిచిన ఆ ఒక్క రోజు గురించీ, ఆ రోజు నాకు గుర్తొచ్చిన నా రెండు పాత తప్పుల గురించీ రాస్తాను.

సంగతి ఇది. మర్నాడు మృగశిర కార్తె. ఆ రోజు మా వైపు చేపల కూర వండని ఇల్లు తక్కువ. యాదయ్య ఏడాదంతా పెంచిన రవ్వ చేపలు, బొచ్చె చేపలు ఆ ఒక్క పొద్దునే అమ్ముడుపోతాయి. రెండు రోజుల ముందు సుధీర్ చేపలు చెప్పి పెట్టుకుందామని వచ్చి, పెంటమ్మ కోసే బండ మీద ఉన్న రవ్వ పక్కన తన కొత్త మీటరు పెట్టాడు. ఇంట్లో తీరిగ్గా టిక్కు టిక్కుమనే మీటరు అక్కడ గబగబా కొట్టుకుంది. భయపడి ఆ వీడియో తమ ప్లాట్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి మొయినాబాద్ టీ కొట్లలో, మెహదీపట్నం పోయే బస్సుల్లో అదే మాట. ముందే చెప్పి పెట్టినవాళ్ళు ఒక్కొక్కరే ఫోన్ చేసి వద్దన్నారు.

వల ముందురోజు సాయంత్రమే వేయాలి. చేపలన్నిటినీ గట్టు పక్కకు తోలి వల కట్టి ఉంచాలి. ఎండాకాలం చివర గట్టు పక్క నీళ్ళు తక్కువ. పొద్దెక్కేలోపు అమ్ముడుపోకపోతే ఆ ఇరుకులో ఊపిరాడక తేలిపోతాయి. వల వేయకపోతే మృగశిర దాటిపోతుంది. ఆ తర్వాత అంత సరుకు కొనేవాళ్ళుండరు. అందుకే యాదయ్య తెల్లవారుతూనే మా గేటు ముందుకొచ్చి నిలబడ్డాడు.

“అక్కా, నువ్వు గీ పనే చేసినవంట గద. వల వెయ్యాల్నా వద్దా, ఒక్క మాట చెప్పు.”

ఒక్క మాట. నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

చేప నీళ్ళు తాగదు

మొదటి రోజు మా పెద్దసారు నన్నడిగిన ప్రశ్న: మంచినీటి చేప నీళ్ళు తాగుతుందా? తాగుతుందన్నాను. ఆయన నవ్వలేదు. గాజు తొట్టి ముందు కుర్చీ వేసి, మధ్యాహ్నం దాకా చూస్తూ కూర్చోమన్నారు. నోరు తెరుస్తుంది, మూస్తుంది. తాగుతున్నట్టే ఉంటుంది. కానీ నోట్లోకి వచ్చిన నీరు మొప్పల గుండా వెనక్కి పోతుంది. అది ఊపిరి. దాహం కాదు.

చేప ఒంట్లో ఉప్పు బయటి నీళ్ళకంటే ఎక్కువ. అందుకని నీరు పిలవకుండానే మొప్పల్లోంచి, చర్మంలోంచి లోపలికి వస్తూ ఉంటుంది. చేప దాన్ని పల్చని మూత్రంగా పంపేస్తూ ఉంటుంది. ఉప్పును మాత్రం వీలైనంతవరకు పోనివ్వదు. పోయిన కాస్తను మొప్పలతో నీళ్ళలోంచి మళ్ళీ ఏరుకుంటుంది. సముద్రపు చేపది దీనికి పూర్తిగా తిరగబడిన బతుకు. అది నీళ్ళు తాగుతూనే ఉండాలి, ఉప్పును బయటికి నెడుతూనే ఉండాలి. ఇది తెలిసిన రోజు నాకు నిద్రలో కూడా నీళ్ళే కనిపించాయి. నా ఒంట్లోంచి ఒక ఏరు వెళ్తున్నట్టు, నేను రెండు చేతులతో ఉప్పు పట్టుకుని నిలబడినట్టు.

ఈ ఏరుకోవడంలోనే చేప మోసపోతుంది. రేడియోధార్మిక సీజియం, ఒంటికి కావలసిన పొటాషియంలాంటిది. చేప ఒళ్ళు రెంటికీ తేడా తెలుసుకోలేక దాన్ని కండలో దాచుకుంటుంది. నీళ్ళలో పొటాషియం ఎంత తక్కువైతే అంత ఆశగా పట్టుకుంటుంది. కాబట్టి ఒకే మోతాదు సీజియం పడినా, సముద్రపు చేపకంటే మంచినీటి చేపలో ఎక్కువ చేరుతుంది. నీళ్ళతో వచ్చేదానికంటే తిండితో వచ్చేదే చాలాసార్లు ఎక్కువ. చిన్న చేపను తినే పెద్ద చేపలో ఇంకా ఎక్కువ. స్ట్రాన్షియం కాల్షియం దారిన ఎముకల్లోకి, పొలుసుల్లోకి పోయి అక్కడే ఉండిపోతుంది. ట్రిటియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్, చాలావరకు నీళ్ళ వెంట వచ్చి నీళ్ళ వెంటే వెళ్ళిపోతుంది.

వదిలించుకోవడం కూడా చేపకు తెలుసు. మూత్రంలో కొంత, మొప్పల్లోంచి కొంత, మలంలో కొంత. ముందు పేగుల్లోది, నెత్తురులోది త్వరగా పోతుంది. కండలో ఇంకినది నెమ్మదిగా కదులుతుంది. కొన్నాళ్ళకు సగం, మళ్ళీ అన్నాళ్ళకు మిగిలినదాంట్లో సగం. వెచ్చని నీళ్ళలో త్వరగా, చల్లని నీళ్ళలో ఆలస్యంగా. చిన్న చేప త్వరగా, పెద్ద చేప ఆలస్యంగా. పూర్తిగా పోయింది అని చెప్పగలిగే రోజంటూ ఒకటి ఉండదు. ఇక కొలవలేనంత తగ్గిన రోజు ఉంటుంది, అంతే.

నాచు

మా లెక్కగది చుట్టూ సీసపు ఇటుకలు. బయటి రేడియేషన్ చప్పుడేదీ లోపలికి రాదు. గుండ్రటి చిన్న తొట్టిలో బతికున్న చేపను పెట్టి, కింద మీటరు పెట్టి, చేప ఒంట్లోంచి వచ్చే టిక్కులు లెక్కపెట్టేవాళ్ళం. చేప గుండ్రంగా తిరిగేది. టిక్కులు చూరు నుంచి జారే చినుకుల్లా పడేవి. నేను దీపం తగ్గించి కళ్ళు మూసుకుని వినేదాన్ని. అవసరం లేదు, యంత్రమే లెక్క రాస్తుంది. అయినా వినేదాన్ని.

ఒక ప్రయోగంలో రవ్వలకు చాలా కొద్దిగా సీజియం కలిపిన తిండి పెట్టి, తర్వాత శుభ్రమైన నీళ్ళలోకి మార్చి, ఎంత త్వరగా వదులుతాయో చూశాను. మొదటి వారాల్లో లెక్క చక్కగా తగ్గింది. తర్వాత ఆగిపోయింది. ఎన్ని రోజులు చూసినా అదే గీత. నేను సంబరపడ్డాను. చేప కొంత భాగాన్ని ఎప్పటికీ వదలదు అని కొత్త సంగతి కనిపెట్టాననుకున్నాను. నివేదిక కూడా రాసేశాను.

పెద్దసారు నివేదిక చదవలేదు. తొట్టి దగ్గరికొచ్చి చేతికి తొడుగు వేసుకుని, గోడకు పట్టిన పచ్చని నాచును దూదితో తుడిచి నాకిచ్చారు. “దీన్ని లెక్కపెట్టు” అన్నారు.

టిక్కులు గబగబా వచ్చాయి. చేపలు వదిలినదంతా నాచుకు పట్టింది. రవ్వలకు నాచు ఇష్టం. రోజంతా గోడను గీకుతూ, పొద్దున వదిలినదాన్ని సాయంత్రం మళ్ళీ మింగుతున్నాయి. నీళ్ళు మార్చాను గాని గోడ కడగలేదు. చేపల గురించి కొత్త సంగతేమీ కనిపెట్టలేదు, నా తొట్టి మురికిని కనిపెట్టాను.

ఆ నివేదిక ఇప్పటికీ నా దగ్గరుంది. చించలేదు. వదిలినది ఎక్కడికి పోయిందో చూడకుండా ‘వదిలింది’ అని గాని, ‘వదల్లేదు’ అని గాని రాయకండి.

మల్లేశం

ఇది చెప్పడం కష్టం. అయినా చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన నాలుగో సంవత్సరమో, ఐదో సంవత్సరమో. మేం నమూనాలు తెచ్చుకునే ఒక చెరువులో వల వేసే మల్లేశం అనే పెద్దమనిషి ఉండేవాడు. ఒకరోజు తడి గోనెసంచిలో చేప తెచ్చి, నీళ్ళ రంగు మారింది, చేపలు మంచివేనా చూడమన్నాడు. చేపను ఎండబెట్టి, కాల్చి, బూడిద చేసి, లోహపు పళ్ళెంలో పోసి లెక్కపెట్టాను. ఎక్కువొచ్చింది. రెండోసారి పెట్టినా ఎక్కువే. ఫోన్లు లేని ఊరు. మనిషిని పంపి, ఆ చేపలు తినొద్దు, అమ్మొద్దు అని చెప్పించాను. పెద్దసారు ఊళ్ళో లేరు. ప్రజల మంచికే చేస్తున్నాననుకున్నాను.

వారం తర్వాత పెద్దసారు వచ్చి అడిగిన మొదటి మాట: ఖాళీ పళ్ళెం లెక్క ఎంత?

నేను కొలవలేదు. కొలిచి చూస్తే ఆ పళ్ళెమే టిక్కులు కొడుతోంది. అంతకు ముందు దాంట్లో పెట్టిన వేరే నమూనా మరక ఎక్కడో అంటుకుని ఉంది. మల్లేశం చేపలో ఏమీ లేదు.

ఆ వార్త మోయడానికి వేరే మనిషిని పంపనివ్వలేదు ఆయన. నన్నే పొమ్మన్నారు. పోయాను. అప్పటికే మల్లేశం పట్టిన చేపలన్నీ గుంత తీసి పూడ్చాడు. మా ఆఫీసు మాట చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది కాబట్టి వల కూడా ఎవరికో ఇచ్చేసి కూలికి పోతున్నాడు. నాకు కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. అంతా విన్నాడు. కోపగించుకుంటే బాగుండేది.

“నువ్వన్న మాట నువ్వు వాపస్ తీసుకుంటివి బిడ్డా. ఊరోళ్ళకు చేరిన మాట ఎవలు వాపస్ తెస్తరు?”

ఆ రోజు డైరీలో తేదీ ఉంది, వేళ ఉంది, ఉన్నవాళ్ళ పేర్లున్నాయి. కింద ఏమీ లేదు.

పై అధికారుల గురించి చాలామంది చేదుగా రాస్తారు. నాకు దొరికిన ఈ ఒక్కాయన గురించి నేను రాసేది ఇదే: ఆయన నన్ను శిక్షించలేదు, కాపాడనూ లేదు. పంపించారు.

బండ

కాబట్టి కుంట గట్టున యాదయ్య గంపలోంచి రవ్వను తీయబోతే ఆపాను. ముందు బండను కడిగి, చేపలన్నిటినీ దూరంగా పెట్టమన్నాను.

“చేప లేకుంట ఏం కొలుస్తరు మేడమ్?” అన్నాడు నర్సిరెడ్డి.

“చేప లేనిదే కొలుస్త.”

సుధీర్ మీటరును ఖాళీ బండ మీద పెట్టాడు. నేను చేతి గడియారం చూస్తూ పది నిమిషాలు లెక్కపెట్టి డైరీలో రాశాను. వీడియోలో ఎలా కొట్టుకుందో, చేప లేకుండానే అలాగే కొట్టుకుంది. సుధీర్ ముఖం పాలిపోయింది.

పెంటమ్మ కత్తిపీట పక్కకు జరిపి అతని వైపు చూసింది. “గా డబ్బకు నా చేప కనబడ్డది గని, కింద గింత పెద్ద బండ కనబడలేదా నాయనా?”

“బండను విడిగా కొలవాలని తోచలేదండీ” అన్నాడు సుధీర్. “ఇంట్లో పాప ఉంది. చేప అనేసరికి భయమేసింది.”

నర్సిరెడ్డి మాత్రం ఒప్పుకోలేదు. ఆ రోజంతటికీ మంచి ప్రశ్న అడిగింది ఆయనే. “ఎన్నో ఏండ్ల సంది గీ బండ మీదనే చేపలు కోస్తున్రు. చేపలదే బండకు పట్టిందేమో, ఎట్ల చెప్తరు?”

నాచు గుర్తొచ్చింది. అలాంటి అనుమానం ఉన్న మనిషి మా ప్రయోగశాలలో ఉంటే బాగుండేదని అన్నాను. ఆయన అది పొగడ్తో ఎత్తిపొడుపో తేల్చుకోలేక మీసం సవరించుకున్నాడు. గట్టుకు అవతల, మేకలు తప్ప ఎవరూ ఎక్కని పరుపుబండ దగ్గరికి నడిచాం. అక్కడా పది నిమిషాలు. అదే లెక్క. మా ప్రాంతపు ఎర్ర రాయి పుట్టుక నుంచే అంత. భూమి చల్లారిన నాటి యురేనియం, థోరియం దాంట్లో ఇసుమంత ఉంటాయి. మా ఇళ్ళ గోడలు, పొలం గట్లు, మేం ఆడుకున్న గుండ్లు, అన్నీ మెల్లగా టిక్కుమంటూనే ఉన్నాయి. మేం వినలేదంతే.

పుట్టిలో

బండ సంగతి తేలింది. చేప సంగతి తేలలేదు. చేపను బండకు దూరంగా వినాలి. దూరమంటే ఎక్కడికి? ఎటు చూసినా రాయే.

నీళ్ళ మీదికి పోదామన్నాను.

యాదయ్య పుట్టిలో, అంటే అతని గుండ్రటి తెప్పలో, ముగ్గురమే పడతాం. అతను, నేను, సుధీర్. ఒడ్డునే పెంటమ్మ రెండు రవ్వలను తడి గుడ్డలో చుట్టి పుట్టిలో పెట్టింది. పుట్టి గుండ్రంగా తిరుగుతూ కదిలింది. మబ్బు నీళ్ళలో ఉంది. మేం దాని మీదుగా పోతున్నట్టుంది. ఒడ్డు నుంచి జరిగేకొద్దీ మీటరు చప్పుడు పలచబడింది. మనిషి మునిగేంత లోతున్న నడిమికి వచ్చేసరికి ఒక టిక్కు, చాలాసేపటికి ఇంకొకటి. నీరు కింది రాయి నోరు నొక్కింది. నేను కళ్ళు మూసుకున్నాను. సీసపు ఇటుకల మధ్య నా గది అది. గుండ్రటి తొట్టి, లోపల తిరిగే చేప. ఈసారి తిరుగుతున్నది నేను.

ముందు చేపలను మీటరుకు దూరంగా పుట్టి అంచు నుంచి నీళ్ళలో వేలాడదీసి, ఖాళీగా పది నిమిషాలు. తర్వాత మీటరును చేపలకు ఆనించి పది నిమిషాలు. రెండు లెక్కలకు చెప్పుకోదగ్గ తేడా లేదు.

యాదయ్యను అడగాల్సినవి అప్పుడడిగాను. కుంటలోకి నీళ్ళు ఎక్కడివి? పై చెలకల నుంచి పారే వాన నీళ్ళు, ఎండాకాలం తన బోరు. తిండి ఏం పెడతాడు? తవుడు, పల్లి చెక్క. కొత్తగా ఏమైనా వేశాడా? లేదు. ఎవరైనా తెచ్చి పారబోశారా? కుక్క మొరిగినా తెలిసే చోటది, లేదన్నాడు. చేప ఒంట్లోకి వచ్చే దారులు రెండే, నీళ్ళు, తిండి. రెండు దారుల్లోనూ అనుమానించే కారణం నాకు కనిపించలేదు. ఒక రవ్వను మా పాత ప్రయోగశాలకు పంపుతానని పక్కన పెట్టించాను. ఫలితం వారాల తర్వాత వచ్చింది. ప్రతి చేపలోనూ, మనలోనూ సహజంగా ఉండే పొటాషియం తప్ప చెప్పదగ్గదేమీ లేదు. కానీ ఆ మధ్యాహ్నం ఆ కాగితం నా చేతిలో లేదు.

ఒడ్డుకు రాగానే నర్సిరెడ్డి ఫోన్ తెరిచి నా ముఖం ముందు పెట్టాడు. ఈ చేపల్లో ఏమీ లేదని ఒక్క ముక్క చెప్పమన్నాడు. చెప్పనన్నాను. కెమెరా ముందు చేప తిని చూపించే పెద్దలను ఉద్యోగంలో ఉండగా చూశాను. తినడం కొలత కాదు. ఈ మీటరుకు చిన్న మోతాదులు వినపడవు. వినపడనిదాన్ని లేదని చెప్పలేను.

యాదయ్య అడ్డం వచ్చాడు. “మల్ల గదే అక్కా. తెల్వదంటవు. తెల్వదంటే నా చేపలు ఆగుతయా?”

అతని చేతిలో వల తాడు ఉంది. మల్లేశం ఇంటి ముందు నాకు వేసిన కుర్చీ కనిపించింది. తెలియదని రాయడం నాకు వచ్చు. తెలియనిదాని పక్కన తెలిసినదాన్ని కూడా చెప్పాలని నేర్చుకోవడానికే చాలా ఏళ్ళు పట్టింది.

“మీటర్ విన్నది బండను యాదయ్యా, నీ చేపను గాదు. అది నాకు తెలుసు. నీ నీళ్ళు, నీ తవుడు చూసిన. భయపడేటందుకు కారణం నాకొక్కటి గూడ దొరకలే. వల వెయ్యి.”

అతను తాడు పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. ఈ మాటలనే అక్షరం మార్చకుండా రికార్డు చేసుకొమ్మని నర్సిరెడ్డికి చెప్పాను. సుధీర్ ఖాళీ బండనూ, పుట్టిలో చేపనూ వీడియో తీసి అదే గ్రూపులో పెట్టాడు. పెట్టి, నా పక్కన గట్టు మీద కూలబడ్డాడు. “మొదటిది పోయినంత దూరం రెండోది పోదు కదండీ, మేడమ్?”

పోదు అన్నాను.

మర్నాడు

జూన్ ఎనిమిది. ఉదయం ఆరు. సన్నని తుంపర. ముడిమ్యాల కుంట.

గట్టు పక్క వలలో చేపలు నీళ్ళను ఉడికిస్తున్నట్టు కదులుతున్నాయి. పోయినేడు ఈ వేళకు రోడ్డు దాకా బండ్లున్నాయట. ఇప్పుడు మూడే. యాదయ్య మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు. నా వైపు చూడలేదు.

సుధీర్ నాకంటే ముందే వచ్చాడు. బండ పక్కన నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళకూ ముందు ఖాళీ బండ మీద మీటరు పెట్టి వినిపిస్తున్నాడు. తర్వాత ఒడ్డు పక్క నీళ్ళలో నిలిపిన పుట్టిలో నీళ్ళ బకెట్ మీద పెట్టి చప్పుడు తగ్గడం వినిపించి, చేపను ఆనించినా పెరగడం లేదని చూపిస్తున్నాడు. వాళ్ళలో ఒకాయన విని, తన ఇంటి అరుగు కూడా గిట్లనే కొట్టుకుంటదా అని అడిగి, నవ్వుకుంటూ రెండు బొచ్చెలు తీసుకున్నాడు. ఆయన ఎవరికో ఫోన్ చేశాడు. ఏడు గంటలకు ఓ పది బండ్లు వచ్చాయి. ఎనిమిదికి గట్టు మీద వరస కట్టారు. చూడటానికి వచ్చినవాళ్ళే సగం, కానీ చాలామంది వట్టి చేతులతో పోలేదు. “జర జరుగున్రి, కత్తి తగుల్తది” అంటూ పెంటమ్మ తల ఎత్తకుండా కోస్తోంది.

అన్నీ అమ్ముడుపోలేదు. తొమ్మిదిన్నరకు జనం పలచబడ్డాక, మిగిలినవి డస్సిపోకముందే యాదయ్య వల ముడి విప్పాడు. మొదట ఏవీ కదల్లేదు. తర్వాత ఒకటి దారి కనుక్కుంది. దాని వెనక మిగిలినవి మసక నీళ్ళలోకి జారిపోయాయి. యాదయ్య ఖాళీ వలను భుజాన వేసుకుని గట్టెక్కి, నన్ను చూసి తలూపాడు.

చివరగా నా వంతు. నా కూరకని పక్కకు తీయించి పెట్టిన రవ్వను అడిగాను. పెంటమ్మ చెయ్యి కడుక్కుని, పాత తరాజు అందుకుంది. చేపను వేయలేదు. ముందు ఉత్త తరాజును నా కళ్ళ ముందుకు ఎత్తి, ముల్లు నిలిచేదాకా ఆగింది. తడి పళ్ళేలు రెండూ ఊగి, ఊగి, సమానంగా నిలబడ్డాయి.

“చూస్కో బిడ్డా” అంది. “ముందు ఉత్తది చూస్కో.”